అక్షాంశం ప్రకారం కప్పలు

“దారిలో పాము కరిస్తే?” అన్నాను.

మా ఆయన పెంచలయ్య పిండిమర బెల్టు సరిచేస్తున్నవాడల్లా ఆగి నా వైపు చూశాడు.

“ఎవురిని?”

“ప్రసూనని.”

“ప్రసూన ఇంట్లో పడుకోని నిద్రపోతా ఉంది. ఉద్యోగానికి అర్జీ పెట్టిందంతే. ఆర్డరు రావాల, అది చేరాల, పొలాల మీదికి పోవాల. అప్పుడు గదా పాము.”

“అప్పటికప్పుడు భయపడాలంటే యాడ కుదురుద్ది? నేను ముందే పడి పెట్టుకుంటా.”

“పెట్టుకో. బియ్యం డబ్బా పక్కన పెట్టు,” అని మర ఆన్ చేశాడు. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు.

మా అమ్మాయి ప్రసూన జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ. చదువు అయ్యాక మూడేళ్ళు టౌన్‌లో చీరల షాపులో పనిచేసింది. వచ్చినవాళ్ళు విప్పి పారేసిన చీరల్ని మళ్ళీ మడతపెట్టడం ఆ పని. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా చేతులు ఊరికే గాలిలో మడతలు పెడుతుండేవి. అందుకని ఆర్డరు వచ్చిన రోజు నేను పాము సంగతి కాసేపు పక్కన పెట్టి, పాయసం చేశాను. పాలు విరిగిపోతాయేమో అనుకున్నాను. విరగలేదు. అదీ ఒక అనుమానమే అయింది నాకు.

ఉద్యోగం పేరు జీవజాతుల గణన సహాయకురాలు. శాఖ పేరు జీవవైవిధ్య క్రమబద్ధీకరణ శాఖ. ఇది కొత్త శాఖ. మిగతా శాఖలన్నీ ఉన్నవాటిని చూసుకోవడానికి పెట్టినవైతే, ఇది ఉండవలసినవాటిని చూసుకోవడానికి పెట్టింది. ఉద్యోగం తాత్కాలికం. ఏడాది తర్వాత పై అధికారి పనితీరు బాగుందని రాస్తే పర్మినెంటు, లేకపోతే మళ్ళీ చీరలు.

ఈ శాఖ ఎట్లా పుట్టిందో ప్రసూన అన్నం తింటూ చెప్పింది. పెద్ద డైరెక్టరు ఎవరో విదేశంలో ఒక సభకు పోయాడట. అక్కడ తెర మీద ఒక బొమ్మ వేశారట.

“భూమధ్యరేఖ ఉంది గదమ్మా, భూమికి మొలతాడు కట్టినట్టు. దానికి దగ్గరయ్యే కొద్దీ చెట్లు, పిట్టలు, పురుగులు ఎక్కువ రకాలు ఉంటాయి. ఎండా వానా బాగుంటాయి గదా, అదొక కారణం. అక్కణ్ణించి ఉత్తరానికి, మంచు దేశాల వైపు పోయే కొద్దీ రకాలు తగ్గిపోతాయి.”

“అయితే మనం మొలతాడుకి దగ్గరా, దూరమా?”

“దగ్గరే అనుకో.”

“అంటే పాములెక్కువ.”

“అమ్మా, ఇది వేల మైళ్ళ మీద చూస్తే కనపడే సంగతి. ఈ ఊరికీ పక్క ఊరికీ చూసేది కాదు.”

మా అమ్మాయి చదివిన పుస్తకాల్లో అది ఒక సంగతి. శాఖకు వచ్చేసరికి అదే ఆజ్ఞ అయింది. ప్రసూన చేరిన వారానికే సర్క్యులరు వచ్చింది. నేను కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివాను: ‘భూమధ్యరేఖకు సమీపించు కొలది జీవజాతుల సంఖ్య పెరుగునని శాస్త్రము నిర్ధారించియున్నందున, ప్రతి మండలము తనకు ఉత్తరమున గల మండలము కంటె అధిక సంఖ్యలో జీవజాతులను కలిగియుండవలెను. లోటు ఏర్పడినచో సంబంధిత గణన సిబ్బంది వ్యక్తిగతముగా బాధ్యత వహించవలెను.’

గణన సిబ్బంది అంటే మా మండలంలో ప్రసూన ఒక్కతే. ఆ చివరి వాక్యం మళ్ళీ మొదటి నుంచి కూడబలుక్కున్నాను.

మాది తూముపాడు మండలం. కాలవ దాటితే ఉత్తరాన కొండగుంట మండలం. కాలవ గట్టు మీద నిలబడి పిలిస్తే అవతలివాళ్ళు పలుకుతారు. వాళ్ళకు కొండ ఉంది, దాని కింద మంచినీళ్ళ చెరువు ఉంది. మాకూ ఒకప్పుడు చెరువు ఉండేది. ఇప్పుడది రొయ్యల గుంటలుగా మారింది. ఉప్పునీళ్ళు కట్టి పెంచుతారు గనక చుట్టుపక్కల బావులన్నీ ఉప్పెక్కాయి. తాగే నీళ్ళు క్యాన్లలో కొనుక్కుంటాం. ఇది మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. గుంటలు కామాక్షయ్య గారివి. పెళ్ళికైనా చావుకైనా షామియానా ఆయనే పంపిస్తాడు. ఆ నీడన కూర్చున్నవాళ్ళు ఆయన్ని ఏమంటారు?

ప్రసూన లెక్కకు బయల్దేరితే నేనూ వెంట పోయాను. కర్ర, గొడుగు, క్యారేజీ, గాయాలకు పసుపు. నేను ముందు నడుస్తూ నేల మీద కర్రతో టపటపా కొట్టేదాన్ని.

“అమ్మా, నువ్వట్టా కొడితే లెక్కపెట్టాల్సినవన్నీ పారిపోతాయి,” అంది ప్రసూన.

“పోవాలనే గదా కొట్టేది.”

“ఒక్క పాము కనపడితే లెక్కలో ఒకటి పెరుగుద్ది.”

నాకు పెద్ద చిక్కొచ్చి పడింది. పాము ఉంటే పిల్లకు ప్రమాదం, లేకపోతే పిల్ల ఉద్యోగానికి ప్రమాదం. చివరికి కర్ర మెల్లగా కొట్టడం నేర్చుకున్నాను. వినపడీ వినపడనట్టు, పాము ఇష్టానికి వదిలేసి.

లెక్క తేలింది. కాలవకు అవతల అన్నీ మాకంటే ఎక్కువే. పిట్టలు ఎక్కువ, తూనీగలు ఎక్కువ, కప్పలైతే చెప్పే పనే లేదు. మా వైపు కప్పలు దాదాపు లేవు. ఆ లెక్క పట్టుకుని ప్రసూన వాళ్ళ అధికారి గజేంద్రబాబు గారి దగ్గరికి పోయింది. నేను క్యారేజీ ఇచ్చే వంకతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. గజేంద్రబాబు గారు అచ్చంగా ఫైలు మాట్లాడినట్టే మాట్లాడతాడు. మంచినీళ్ళు కావాలన్నా “పానీయ జలం విషయమై తగు చర్య తీసుకోండి” అంటాడు.

“కొండగుంట మనకు ఉత్తరం. ఉత్తరాన మనకంటే ఎక్కువ ఉండటానికి వీల్లేదు,” అన్నాడు.

“ఉన్నాయి సార్.”

“ఉండటం వేరమ్మా, ఉండటానికి అర్హత వేరు.”

“నేను కళ్ళతో చూశాను సార్.”

“చూడండి, క్షేత్రస్థాయి వాస్తవాలు ఎప్పుడూ మార్గదర్శకాలకు లోబడి ఉండాలి. లోబడకపోతే అది వాస్తవాల తప్పు. వాటి మీద చర్య తీసుకుంటాం.”

“మన వైపు నీళ్ళు ఉప్పెక్కాయి సార్. రొయ్యల గుంటల వల్ల...”

గజేంద్రబాబు గారు గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు. దాని మీద కామాక్షయ్య గారు చేతులు జోడించి నవ్వుతున్నాడు, చుట్టూ రొయ్యలు.

“ఉప్పు మన శాఖ పరిధిలోని అంశం కాదు. అక్షాంశం మాత్రమే మన పరిధి,” అన్నాడు.

మర్నాడు కొండగుంట మండలానికి నోటీసు పోయింది. మీ అక్షాంశానికి మించిన జీవజాతులను ఎందుకు కలిగి ఉన్నారో, మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో తెలపండి అని. అక్కడి అధికారి నెమ్మదస్తుడు. తాము కావాలని పెంచలేదనీ, అవి తమంతట తామే వచ్చాయనీ, అదనంగా ఉన్నవాటిని అప్పగించడానికి సిద్ధమనీ రాశాడు.

అట్లా కప్పలు డెప్యుటేషన్ మీద మా మండలానికి వచ్చాయి.

కాలవ వంతెన మీద షామియానా వేశారు. కామాక్షయ్య గారిదే. అవతల నుంచి ఒక ట్రాలీ ఆటోలో గోనె కప్పిన తొట్లలో కప్పలు, దోమతెరల్లో సీతాకోకచిలుకలు, అట్టపెట్టెల్లో తొండలు. గజేంద్రబాబు గారు కప్పలకు దండలు తెప్పించాడు. వేయడానికి మెడ ఎక్కడుందో తెలియక తొట్టికే వేశారు.

“చేరిక నివేదిక ఏదీ?” అన్నాడాయన.

“కప్పలు సంతకం పెట్టవు సార్,” అన్నాడు అటెండరు.

“వేలిముద్ర తీసుకోండి. నిరక్షరాస్యులకు ఉన్న సౌకర్యమే.”

సిరా అద్దిన కాలితో మొదటి కప్ప ఒక్క గెంతు గెంతి గజేంద్రబాబు గారి తెల్లచొక్కా జేబు మీద విధుల్లో చేరింది. నాకు నవ్వు రాలేదు. ఆయనకు కోపమొచ్చి పిల్ల మీద రాస్తాడేమోనని నా భయం నాది. ఆయన మాత్రం ఆ మరకను గౌరవంగా చూసుకుని, “స్థలం కొద్దిగా మారింది, అంతే,” అన్నాడు.

రెండు రోజులకే ఒక సీతాకోకచిలుక చచ్చిపోయింది. ఆ రకంలో అదొక్కటే ఉంది. లెక్కలో ఒకటి తగ్గిందని ప్రసూన రాసి పంపితే, గజేంద్రబాబు గారు తీవ్రంగా ఆలోచించి, సర్వీసులో ఉండగా మరణించింది గనక దాని గొంగళిపురుగును కారుణ్య నియామకం కింద తీసుకోమన్నాడు. ఆ రకం గొంగళిపురుగు కోసం ప్రసూన కాలవ గట్టంతా తిరిగింది, నేను గొడుగు పట్టుకుని వెనక. చివరికి ఒక జిల్లేడు ఆకు కింద దొరికింది. అది ఆ సీతాకోకచిలుక సంతానమేనని ధ్రువపత్రం కావాలన్నారు. పంచాయతీ ఆఫీసులో రెండు చేతులూ ఎత్తేశారు. ఆ ఫైలు నడుస్తుండగానే పురుగు రెక్కలొచ్చి కాలవ దాటిపోయింది.

కప్పలూ అంతే. సాయంత్రమయ్యేసరికి ఒక్కొక్కటే గట్టెక్కి అవతలికి పోయేవి. గజేంద్రబాబు గారు దాన్ని అనధికార గైర్హాజరు అన్నాడు. విధులకు వెంటనే హాజరు కావాలని ఒక కాగితం వేపకొయ్యకు అంటించి గట్టు మీద పాతించాడు. మర్నాడు దాని మీద ఒక నత్త ఉంది. “స్పందన మొదలైంది,” అన్నాడాయన.

రోజులు గడిచేకొద్దీ మా మండలం లెక్క తగ్గిపోతూనే ఉంది. ఇంట్లో ప్రసూన చేతులు మళ్ళీ గాలిలో మడతలు పెడుతున్నాయి. నేను చూసి చూసి, ఇక ఉండబట్టలేక, నాకు చేతనైంది నేను చేశాను.

మాది పిండిమర. ఊళ్ళో పురుగులన్నీ చివరికి మా మరకే వస్తాయి. బియ్యంలో ముక్కుపురుగు, పెసల్లో గుండ్రటి పురుగు, గోధుమపిండిలో ఎర్రపురుగు, రవ్వలో తెల్లని గూడు కట్టే పురుగు, దాని నుంచి లేచే బూడిదరంగు రెక్కల పురుగు. వీటిని జల్లెడతో పట్టి పారపోయడమే ఇన్నేళ్ళూ నా పని. ఆ రోజు పారపోయలేదు. గిన్నెకొక రకంగా క్యారేజీలో సర్దాను. అటక మీద పాత ట్రంకుపెట్టెలో బట్టలు కొరికే వెండిపురుగు కూడా దొరికింది. దాన్ని పచ్చడి గిన్నెలో వేశాను.

“ఏందే అది?” అన్నాడు మా ఆయన.

“పిల్ల ఉద్యోగం.”

“మూత గట్టిగా పెట్టు. మజ్జిగన్నం అనుకోని వాళ్ళ ఆఫీసరు తింటే దాని ఉద్యోగం తీరు మారిపోద్ది.”

ప్రసూన నా మీద మండిపడింది. “అమ్మా, నీకు మతి ఉందా? నేను ఇవన్నీ ఎక్కడ దొరికాయని రాయాలి?”

“తూముపాడు మండలం, దక్షిణం,” అన్నాను. “అబద్ధమేం కాదు గదా.”

నేనే ఆఫీసుకు మోసుకుపోయాను. గజేంద్రబాబు గారు క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పి చూస్తూ కళ్ళు పెద్దవి చేశాడు. గృహ జీవజాతులన్న ఆలోచన అప్పటిదాకా ఆయనకు తట్టలేదట. అంతే, వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు. తూముపాడు మండలంలో పప్పులు ఎండబెట్టరాదు, బియ్యంలో వేపాకు వేయరాదు, మంచాలు ఎండలో వేసి నల్లులు దులపరాదు. కొండగుంట మండలంలో మాత్రం ఇవన్నీ విధిగా చేయాలి. ఎండలు ముదురుతున్న రోజులు. ఏ ఇల్లాలైనా ఏడాది పప్పులన్నీ మిద్దె మీద పరిచే కాలం. కాలవ అవతల మిద్దెలన్నీ పసుపురంగు దుప్పట్లు కప్పినట్టున్నాయి. మా మిద్దెలు మాత్రం బోసిగా ఉన్నాయి. ఇళ్ళల్లోకి తనిఖీలొచ్చి డబ్బాలు తెరిచి చూసేవాళ్ళు. డబ్బాలో పురుగు లేకపోతే నోటీసు.

పక్కింటి రాఘవమ్మకు మొదటి నోటీసు వచ్చింది. ఆమె పప్పు డబ్బాలు అద్దాల్లా ఉంటాయి.

“ఏం సుబ్బరత్నం,” అంది గోడ మీది నుంచి. “నీ కూతురికి ఉద్యోగం, నా కందిపప్పుకు పురుగా?”

“నేనేం చెయ్యనొదినా, సర్కారు.”

“సర్కారుకు నీ క్యారేజీ ఎవరు మోసినారమ్మా? ముప్పై ఏళ్ళు కాపురం చేసినా. మా అత్త కూడా నా డబ్బాలో పురుగు చూడలా. ఇప్పుడు వాళ్ళెవరో ప్యాంటు వేసుకోనొచ్చి, ‘అమ్మా, మీ ఇల్లు మండలానికి మచ్చ’ అన్నారు.”

“కొన్ని నా దగ్గరుండాయి, ఇమ్మంటావా?”

“అప్పుగానా, ఊరికేనా?” అంది రాఘవమ్మ, ఎకసెక్కంగా. అయినా కొంగు చాటున గిన్నె పట్టుకుని సాయంత్రం వచ్చింది.

ఇంతటితో ఆగితే బాగుండేది. సూత్రం మండలానికీ మండలానికీ మధ్య నిజమైతే వీధికీ వీధికీ మధ్య ఎందుకు కాకూడదని గజేంద్రబాబు గారికి తోచింది. వీధి దాకా వచ్చినవాడు గుమ్మం దగ్గర ఎందుకాగుతాడు? ప్రతి ఇంట్లో దక్షిణపు గోడ దగ్గర ఉత్తరపు గోడ దగ్గరకంటే ఎక్కువ జీవజాతులుండాలన్నాడు. వాస్తు చూసే సిద్ధాంతిని ఒకాయన్ని సలహాదారుగా పెట్టుకున్నారు. ఆయన మా వంటింట్లో నిలబడి, “దక్షిణం బరువుండాలి, ఉత్తరం తేలిగ్గా ఉండాలి అని పూర్వులు ఏనాడో చెప్పారమ్మా. విదేశాలవాళ్ళు ఇప్పుడు కనుక్కున్నారు,” అన్నాడు. గజేంద్రబాబు గారికి కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత మా ఊళ్ళో మగవాళ్ళకు సాయంత్రాలు ఒకటే పని. ఉత్తరపు గోడ మీది బల్లిని చీపురుతో దక్షిణపు గోడ మీదికి తోలడం. బల్లి ఏ అవయవం మీద పడితే ఏ ఫలితమో నాకు కంఠతా వచ్చు గనక, మా ఆయన బల్లిని తోలుతున్నంతసేపూ నేను మంచం కింద కూర్చునేదాన్ని.

“నెత్తిన పడితే ఏంది ఫలితం?” అని అరిచాడు ఒకరోజు.

“చెప్పకూడదు.”

“పడింది.”

నేను తలంటుకు నీళ్ళు పెట్టాను. ఆ నీళ్ళూ క్యానువే.

ఇట్లా ఉండగా కమిషనరు గారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. రాష్ట్రంలో అక్షాంశాన్ని అక్షరాలా పాటించిన మండలం మాదేనని గజేంద్రబాబు గారు పైకి రాశాడట. ఏడాది నిండకపోయినా ప్రసూనను పర్మినెంటు చేసే కాగితం కూడా కమిషనరు గారే ఆ రోజు ఇస్తారన్నాడు. ఒక్కటే లాంఛనం. మా మండలంలో లెక్కకొచ్చిన జీవులన్నీ ఇక్కడ సహజంగా, క్షేమంగా జీవిస్తున్నాయని గణన సిబ్బంది ఒక ధ్రువీకరణ మీద సంతకం పెట్టి ఆయన చేతికివ్వాలి. ఇంకో మాట కూడా అన్నాడు. మొదట పురుగులిచ్చిన గృహిణిగా నాకు శాలువా కప్పుతారట. జీవవైవిధ్య మాతృమూర్తి అనే బిరుదు.

కప్పలు కావాలి గనక కొండగుంట నుంచి ఇంకోసారి తెప్పించారు. ఈసారి గైర్హాజరు కాకుండా రొయ్యల గుంట ఒకదాని చుట్టూ వల కట్టించి అందులో వదిలారు. ప్రసూన వద్దని చెప్పింది. ఎవరూ వినలేదు. మర్నాడు అది పొద్దున్నే గుంట దగ్గరికి పోయింది. నేను క్యారేజీ తీసుకుని పోయేసరికి గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన తట్ట. తట్టలో కప్పలు వరసగా, పొట్టలు పైకి.

“ఉప్పు నీళ్ళల్లో కప్ప బతకదమ్మా,” అంది. “దాని చర్మమే దానికి నోరు, నీళ్ళు దాంతోనే తాగుద్ది. వల కట్టారు, పైకి రాలేకపోయినయ్.”

నేను భయపడి పెట్టుకున్నవాటిలో ఇది లేదు. క్యారేజీ విప్పి అన్నం కలిపాను. అది తినలేదు.

ఆ రోజు ఇంటికొచ్చాక చెప్పింది. “నేను సంతకం పెట్టను.”

“పెట్టు తల్లీ,” అన్నాను. “ఒక్క సంతకం. చచ్చినవి ఎట్టాగూ చచ్చినయ్. ఆ పెద్దాయన కాగితం చేతికిస్తాడు, ఇంక జన్మంతా భయం లేదు.”

“ఎవరికి?”

“నాకు.”

“నువ్వు భయం లేకుండా ఉంటావా అమ్మా?”

“అలవాటు చేసుకుంటా.” నా గొంతు నాకే నమ్మకంగా లేదు. “పెట్టకపోతే మళ్ళా చీరలే గదే. నువ్వు తట్టుకోలేవు.”

“తట్టుకుంటా. చీరలు చావవు గదా.”

మా ఆయన జల్లెడ కిందపెట్టి మా ఇద్దరినీ చూశాడు. ఆయన ఏమీ అనకపోతే నాకు ఇంకా భయం.

తనిఖీ రోజు మధ్యాహ్నం మొదటి వాన పడింది. కమిషనరు గారు రావడం సాయంత్రమైంది. కాలవ గట్టు పక్కన, గుంటల ముందు షామియానా. గజేంద్రబాబు గారు అట్టపెట్టెలూ సీసాలూ ఉత్తరం నుంచి దక్షిణానికి బల్ల మీద వరసగా పేర్పించాడు. ఉత్తరపు కొసన ఒకే ఒక్క చీమ, దక్షిణపు కొసన నా ముక్కుపురుగులు పొంగిపొర్లుతూ. వేదిక మీద కమిషనరు గారు, పక్కన కామాక్షయ్య గారు. ఆయన గౌరవాధ్యక్షుడు. నాకు శాలువా కప్పారు. వాన పడ్డా ఉక్కగానే ఉంది. శాలువాలో పురుగుందేమోనని నాకు ఒళ్ళంతా పాకినట్టుంది. ప్రసూన కుర్చీ నా పక్కనే వేశారు. దాని ఒళ్ళో ధ్రువీకరణ కాగితం. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. నేను శాలువా చాటు నుంచి చెయ్యి పోనిచ్చి దాని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను, మాట్లాడకుండా ఉండాలని.

గజేంద్రబాబు గారు ప్రసంగించాడు. “భూమధ్యరేఖ మన దగ్గరికి రాలేదు. మనమే అంకితభావంతో దాని దగ్గరికి చేరుకున్నాం,” అన్నాడు. చప్పట్లు. కామాక్షయ్య గారు అందరికీ కాఫీలు పంపించాడు.

అప్పుడు మొదలైంది. కాలవ అవతల, కొండగుంట వైపు నుంచి కప్పలు. ఒకటి, దాని వెనక పది, ఆ తర్వాత లెక్కకందవు. వాన పడ్డ సాయంత్రం కప్పలెట్లా అరుస్తాయో అట్లా, ఎవరినీ అడక్కుండా, మైకు కూడా వినపడకుండా.

కమిషనరు గారు చెవి ఒగ్గి విన్నాడు. ముసలాయన. మొహంలో మంచితనమే కనపడింది నాకు. పల్లెటూళ్ళో పుట్టినవాడేమో. నవ్వుతూ, “బాగా అరుస్తున్నాయే. ఇవి మనవేనా?” అన్నాడు.

“అవతలి మండలం సార్,” అన్నాడు అటెండరు. అతనికి ఎవరూ చెప్పలేదు పాపం, జవాబు చెప్పకూడదని.

కమిషనరు గారు ఇటు తిరిగి గుంటల వైపు చూశాడు. కాసేపు విన్నాడు. మా వైపు నుంచి చప్పుడు లేదు. బల్ల మీద ముక్కుపురుగులు అరవవు.

“మరి ఇక్కడివి?” అన్నాడు. “మీ నివేదికలో చాలా ఉన్నాయిగా. వాన పడింది. ఎందుకు పలకవు?”

గజేంద్రబాబు గారు ఫైలు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. కామాక్షయ్య గారు కాఫీ కప్పులోకి చూస్తున్నాడు, అడుగున ఏదో పడ్డట్టు. షామియానా కింద ఉన్న మా ఊరివాళ్ళంతా, రాఘవమ్మతో సహా, కాళ్ళవైపు చూసుకుంటున్నారు. అందరి ఇళ్ళల్లోనూ క్యాన్లున్నాయి. అందరి నోళ్ళల్లోనూ ఆ ఉప్పుంది. ఒక్కళ్ళూ కదల్లేదు. అవతల కప్పలు మాత్రం ఆగడం లేదు.

కమిషనరు గారి చూపు ఒక్కొక్కరి మీదుగా వచ్చి ప్రసూన దగ్గర ఆగింది.

నా చేతి కింద దాని మోచెయ్యి బిగుసుకుంది. ఊపిరి పీల్చుకుంది. చిన్నప్పుడు బడిలో జవాబు చెప్పేముందు అట్లాగే పీల్చుకునేది. ఇక చెప్పేస్తుంది. అది చెబితే ఉద్యోగం ఇక్కడే, ఈ వేదిక మీదే పోతుంది. కామాక్షయ్య గారు ఊళ్ళో నిలవనివ్వడు. మరకు గింజ రాదు. పొయ్యి వెలగదు. అన్నీ వరసగా కనపడ్డాయి నాకు, దక్షిణం నుంచి ఉత్తరం దాకా. నేను దాని చెయ్యి వదిలేసి లేచి నిలబడ్డాను. శాలువా జారి కిందపడింది.

“రాజీనామా చేసినయి సార్,” అన్నాను. “నీళ్ళు ఉప్పగా ఉండాయని. గుంటలు కామాక్షయ్య గారివి. మా అమ్మాయికి ఈ సంగతులేమీ తెలవవు సార్, నేనే చెప్తుండా.”